ఏం పని చేస్తావు అబ్బాయ్?

తెనాలి నుంచి బెజవాడకి 30 కిలోమీటర్ల పైచిలుకు. దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కొలనుకొండ, కృష్ణా కెనాల్, ఆ తర్వాత కృష్ణ మీద వంతెన, బెజవాడ. ఈ పేర్లు నాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. 1986లో ఇంటర్ తప్పి, బెజవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో కంపోజింగ్ పనికి కుదిరాను. జీతం నెలకి 250 రూపాయలు. అప్పట్నించి తొమ్మిదేళ్ళు పొద్దున పాసింజరులో పోవడం, రాత్రి పాసింజరులో రావడం.

సీజన్ టికెట్ వాళ్ళకి ఎవరి బోగీ వాళ్ళకుంటుంది. ఎక్కడా రాసిపెట్టి ఉండదు గానీ ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి నాలుగోది మాది. పేకాట వాళ్ళు తలుపు దగ్గర తువ్వాలు పరుచుకునేవాళ్ళు. మేమేమో వాళ్ళ అవతల, నీళ్ళ వైపు కిటికీల దగ్గర. మొదటివారం నేనెవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఎదురుగా కూర్చున్న పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని, "ఏం పని చేస్తావు అబ్బాయ్?" అన్నాడు.

ఆ ప్రశ్న అంటే నాకు భయంగా ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్తే, పేరంటాలకి వెళ్తే అందరూ అడిగేది అదే. "ప్రెస్సులో అండీ" అనగానే "విలేకరివా?" అనేవాళ్ళు. కాదు, కంపోజింగ్ అంటే వాళ్ళ మొహంలో వెలుగు తగ్గిపోయేది. తర్వాత ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఎంతిస్తారు?" అది చెప్పాక ఇక మాటలుండవు. అందుకే ఆ రోజు కూడా చిన్నగా చెప్పి కిటికీలోంచి చూడబోయాను.

"కంపోజింగ్ అంటే చేతుల్తో ఏం చేస్తావయ్యా? కాస్త వివరంగా చెప్పు" అన్నాడాయన.

అంతవరకు నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. మా నాన్న కూడా అడగలేదు. ఏం చెప్పానో గుర్తులేదు గానీ, చెప్పేసరికి కృష్ణ వంతెన వచ్చేసింది. ఆడవాళ్ళు చిల్లర నీళ్ళలోకి విసిరి దండం పెట్టుకుంటున్నారు. ఆయన దండం పెట్టుకుంటూనే, "మరి అక్షరం తిరగేసి ఉంటే నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన దుగ్గిరాలలో పసుపు కొనే ఒక షావుకారు దగ్గర గుమస్తా. రోజూ బెజవాడ రారు, వారానికి మూడు రోజులు లెక్కల పని మీద వచ్చేవారు. మేమంతా గుమస్తా గారనే పిలిచేవాళ్ళం.

మా బోగీలో ఆ ప్రశ్న ఆయన పెట్టిన అలవాటే. కొత్తగా ఎవరొచ్చి కూర్చున్నా జీతం అడిగేవారు కాదు, కులం అడిగేవారు కాదు, ఏ ఊరు ఎవరబ్బాయివి అని కూడా ముందు అడిగేవారు కాదు. పనేంటో అడిగేవారు. పేరు తర్వాత.

ఒక్కొక్కరి సంగతి అప్పుడప్పుడు ముక్కలుముక్కలుగా తెలుస్తూ ఉండేది. అందరం కూర్చుని మొదలు నుంచి చివరి దాకా చెప్పుకున్నది మాత్రం ఒకే ఒక్క రాత్రి. 1989, ఆరుద్ర కార్తె. పొద్దున్నించీ పట్టిన వాన పట్టినట్టే ఉంది. ఎనిమిదింటికి బెజవాడలో కదిలిన బండి వంతెన దాటింది, కెనాల్ దాటింది, కొలనుకొండ దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. అరగంట, ముప్పావుగంట. బండి ఆగితే లైట్లు మసకబారతాయి కదా, మొహాలు సరిగా కనపడటం లేదు. చెక్క తలుపులు దించుకుని కూర్చున్నాం. ఎవరో ఒకావిడ పదేళ్ళ పిల్లాడితో ఎక్కింది. వాడు ఏడుపు మొహం పెట్టాడు.

వాడి పక్కన కూర్చున్నది ఆటోనగర్లో లారీలకి పెయింటు రాసే అన్న. కిరసనాయిలుతో ఎంత తుడిచినా గోళ్ళ చుట్టూ పచ్చ, ఎరుపు పోవు. పిల్లాడు ఆ చేతులు చూసి, "మామయ్యా, ఆ రంగేంటి?" అన్నాడు. అక్కడ మొదలైంది.

పెయింటరన్న పిల్లాడి అరచెయ్యి తీసుకుని, దాని మీద వేలితో రాసి చూపించాడు. లారీ వెనక చెక్క మీద ముందు సుద్ద పూసిన దారం రెండు వైపులా పట్టుకుని లాగి వదులుతారట. ఠప్పున గీత పడుతుంది. పైన ఒక గీత, కింద ఒక గీత. ఆ రెంటి మధ్యా అక్షరం. ఉడత వెంట్రుకల కుంచె. ఎనామిల్ రంగు మరీ పల్చనైతే కారుతుంది, మరీ చిక్కనైతే కుంచె లాక్కుంటుంది. "కుంచె ఆనించాక ఊపిరి బిగపట్టుకుని సున్నా తిప్పెయ్యాలిరా. మధ్యలో ఆగావా, ఆ ఆగిన చోటు రోడ్డున పోయే ప్రతోడికీ కనపడుద్ది." ఓనరు పిల్లల పేర్లు రాసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉంటానన్నాడు. "హారన్ ప్లీజ్ కాస్త వంకరపోయినా ఎవుడూ అడగడు. ఆడపిల్ల పేరు వంకరపోతే ఆ తండ్రి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా."

నాకు ఆ మాట తగిలింది. నేనూ అక్షరాలతోనే కదా బతికేది. ఆయనది మూరెడు అక్షరం, నాది వడ్లగింజంత.

గుమస్తా గారు జేబులోంచి పసుపు కొమ్ము తీశారు. ఆయన జేబులో ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. చొక్కా జేబు అడుగున కుట్టు కూడా పచ్చబడిపోయి ఉండేది. "విను" అని పిల్లాడి చెవి దగ్గర పెట్టి విరిచారు. టక్కుమంది. రేకు మీద గోరు మీటినట్టు. "ఈ చప్పుడు రావాలి. మెత్తగా విరిగిందంటే ఎండలేదన్నమాట. బస్తాలో వేస్తే పక్కవాటినీ చెడగొడుతుంది." విరిగిన చోట నారింజ రంగు తేలిన పసుపు ఆ మసక లైట్లో కూడా కనిపించింది. తవ్విన పసుపుని ఉడకబెట్టడం, పది పదిహేను రోజులు కళ్ళంలో ఎండబెట్టడం, డ్రమ్ములో వేసి తిప్పి పై పొట్టు పోయేలా మెరుగు పెట్టడం, కొమ్ములు వేరు కాయలు వేరు చెయ్యడం, ఇవన్నీ చెప్పారు. ఆయన పని ఏమంటే బస్తాలోకి చెయ్యి పెట్టి, పైనున్నది వదిలేసి అడుగునున్నది తియ్యడం. "పైన మంచిదే ఉంటుందయ్యా. అడుగున చెయ్యి పెట్టాలి. అయితే రైతు మొహం చూడకుండా పెట్టాలి. చూస్తే ధర చెప్పలేం." ఆ ముక్క చెప్పి కాసేపు ఊరుకున్నారు. తొమ్మిది నెలలు పెంచిన పంట కదా.

హార్మోనియం మేష్టారు ఆ రాత్రి నాటకానికి పోవాల్సింది, వాన వల్ల ఆగిపోయింది. పెట్టె సీటు కింద గోనెపట్టాలో భద్రంగా ఉంది. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకమంటే ఇప్పటికీ ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. ఇక ఆ రోజుల్లో చెప్పాలా. మేష్టారు వేలికొసలు చదునుగా ఉండేవి. "స్టేజీ మీద ఆర్టిస్టుని జనం చూస్తారు. ఆర్టిస్టు నన్ను చూస్తాడు. పద్యం అయిపోయి రాగం ఎత్తుకున్నాక ఆయన ఊపిరి ఎంతుందో నాకు తెలియాలి. దమ్ము చాలదనుకున్న చోట నేను గట్టిగా పట్టి కప్పేస్తా. జనానికి తెలియదు, వన్స్‌మోర్ అంటారు. ఆయనకి తెలుసు." వయసైపోయిన ఒక నటుణ్ణి మూడేళ్ళు అలా కాపాడుకొచ్చానన్నారు. పేరు చెప్పలేదు. ఎవరో అడిగారు, అయినా చెప్పలేదు.

పెదవడ్లపూడి అక్క మాట్లాడుతుందని ఎవరం అనుకోలేదు. ఆ పక్క మల్లెతోటలు ఎక్కువ. పొద్దున బండికి తడిగుడ్డ కప్పిన బుట్టతో ఎక్కేది, రాత్రి ఖాళీ బుట్టతో. తలుపు దగ్గర కిందే కూర్చునేది, సీటు ఖాళీ ఉన్నా. "నువ్వు చెప్పు అక్కా" అంటే, "నాదేం పనయ్యా, పూలమ్ముకోడమేగా" అంది. గుమస్తా గారు ఒప్పుకోలేదు. "ఎన్నింటికి లేస్తావమ్మా?" అన్నారు.

మూడింటికి. విచ్చుకున్న మల్లె ఎవరికీ అక్కర్లేదు. మొగ్గగా ఉండగానే, ఎండ పడకముందే కొయ్యాలి. చీకట్లో ఏ మొగ్గ ఈ సాయంత్రం విచ్చుతుందో, ఏది రేపటికి ఆగాలో వేళ్ళకే తెలుస్తుందట. రేపటిది ఇవాళ కోస్తే అది ఎప్పటికీ విచ్చుకోదు, అట్లాగే గోధుమరంగుకి తిరిగి రాలిపోతుంది. కట్టడం గురించి చెబుతూ ఖాళీ వేళ్ళతోనే కట్టి చూపించింది. రెండు ఇటు, రెండు అటు, నార ఒక చుట్టు, బొటనవేలితో లాగి ముడి. దండ లేకపోయినా మాకు దండ కనిపించింది. "మూర నా చేతిదే ఏస్తా. నా చెయ్యి పొడుగు. పక్క బుట్టామె చెయ్యి పొట్టి. అందుకే నా కాడికే వస్తారు" అని చెప్పి, మొదటిసారి నవ్వింది. ఆ రాత్రి ఆమె లేచి మా పక్కన సీటు మీద కూర్చుంది. ఎప్పుడు లేచిందో గమనించలేదు.

నా వంతు వచ్చింది. మూడేళ్ళ కిందట గుమస్తా గారికి తడబడుతూ చెప్పినదే, ఈసారి తడబడకుండా చెప్పాను. ఎడమ చేతిలో స్టిక్కు, అక్షరాలు వరసగా పేర్చుకునే పట్టీ. కుడిచెయ్యి కేసులో, అంటే అక్షరాలుండే పెట్టెలో, గళ్ళ మీద తిరుగుతుంటుంది. కళ్ళు రాతప్రతి మీద. ఏ అక్షరం ఏ గడిలో ఉందో చూసి తీస్తే రోజుకి ఒక పేజీ కూడా కాదు, చెయ్యే పోవాలి. సీసపు అక్షరం నడుం మీద ఒక గాడి ఉంటుంది. ఆ గాడి బొటనవేలికి తగిలితే అక్షరం సరిగ్గా నిలబడ్డట్టు. ఇంగ్లీషు వాళ్ళకి 26 అక్షరాలు. మనకి క ఒకటి, కా ఒకటి, కి ఒకటి, కీ ఒకటి, ఒత్తులు వేరే. ఒత్తుని అక్షరం పక్కన కింది వైపుకి చేర్చాలి. వరస నిండాక తల్లకిందులుగా, ఎడమ నుంచి కుడికి చదువుకోవాలి. అచ్చయ్యాక అంతా విప్పి ఎవరి గడిలోకి వాళ్ళని మళ్ళీ పంపాలి. ఒక్క అక్షరం తప్పు గడిలో పడితే వారం తర్వాత ఎవరి పెళ్ళిపత్రికలోనో తప్పు వస్తుంది.

"మరి ఒక అక్షరం అయిపోతే?" అన్నాడు పిల్లాడు. మంచి ప్రశ్న. అయిపోతుంది, నిజంగానే. ఏ పుస్తకానికో 'ళ్ళ'లు అన్నీ వాడేస్తాం. అప్పుడు ఏదో ఒక అక్షరాన్ని తల్లకిందులుగా గుచ్చుతాం. తప్పులు దిద్దడానికి తీసే ప్రూఫులో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఇక్కడ రావాల్సింది ఇంకా రాలేదని గుర్తు. ఇంకో పేజీ విప్పగానే తెచ్చి పెడతాం.

పెదవడ్లపూడి అక్క అంతా విని, "ఎవరి పేరైనా వేస్తారా?" అంది. ఎవరిదైనా వేస్తామన్నాను. "నా పేరు రేషను కార్డులో తప్ప యాడా లేదు. అదీ తప్పు రాశారు" అంది.

అప్పుడే బయట దీపం కనిపించింది. పట్టాల పక్కన ఎవరో నడిచి వస్తున్నారు. గోనెసంచి మడిచి తల మీద కప్పుకున్నాడు, చేతిలో లాంతరు, భుజాన సంచి. గస్తీ తిరిగే గ్యాంగ్‌మన్. ముందు తూము దగ్గరికి నీళ్ళొచ్చాయని, చూస్తున్నారని, భయం లేదని చెప్పాడు. గుమస్తా గారు ఊరుకుంటారా. మెట్టు మీదికి రమ్మని, ఫ్లాస్కులో మిగిలిన టీ పోసి, ఆయన్నీ అదే అడిగారు.

ఆయన టీ తాగుతూ సంచి తెరిచి చూపించాడు. ఎర్రజెండా, ఆకుపచ్చజెండా, ఈల, డబ్బాలో గుండ్రటి రేకు బిళ్ళలు. డిటొనేటర్లట. పట్టా మీద బిగిస్తే చక్రం ఎక్కగానే పేలతాయి. దారి తెగిందని తెలిస్తే బండి వచ్చే వైపుకి పరిగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒకటి పెట్టాలి, ఇంకా పరిగెత్తి 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. వానలో లాంతరు కనపడకపోయినా ఆ పేలుడు డ్రైవరుకి వినపడుతుంది. రాత్రంతా తన హద్దులో అటూ ఇటూ నడుస్తాడు. హద్దు చివర పక్క హద్దు గస్తీవాడు ఎదురొస్తాడు. ఇద్దరి దగ్గరా చెరొక పుస్తకం. ఆయనది ఈయన తీసుకుని, ఈయనది ఆయనకిచ్చి వెనక్కి తిరుగుతారు. పుస్తకం మారిందంటే ఆ రెండు హద్దులూ ఎవరో ఒకరు నడిచి చూసినట్టే.

"ఆ ఎదురొచ్చేవాడు రాకపోతే?" అన్నాడు పెయింటరన్న.

"కాసేపు చూస్తా. రాకపోతే ఆయన హద్దులోకి నేనే నడుస్తా. ఏమయ్యాడో చూడొద్దూ?"

గ్లాసు ఇచ్చేసి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళుగా ఆ దారిన రోజూ రెండుసార్లు పోతున్నాను. మేం నిద్రపోయే వేళ ఆ పట్టాలని ఒక మనిషి కాళ్ళతో కొలుస్తున్నాడని నాకు తెలియదు. పదిన్నర దాటాక బండి కదిలింది, చాలా నెమ్మదిగా. తూము దగ్గర ఆయన లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ దీపం. మా కిటికీలన్నీ పైకి లేచాయి. పిల్లాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ అక్క పేరు కంపోజ్ చేశాను. 24 పాయింటు సైజు, ఐదక్షరాలు. పెళ్ళిపత్రికల్లోంచి మిగిలిన దళసరి అట్ట ముక్క, మిగిలిన గులాబీ రంగు ఇంకు. ట్రెడిల్ అచ్చుయంత్రం మీద ఇరవై కాపీలు తీశాను. ఓనరు చూసి ఏమీ అనలేదు, "చుట్టూ బార్డరు వెయ్యి" అన్నారు. వేశాను. రాత్రి బండిలో ఇస్తే ఆమె చాలాసేపు చూసింది. ఆమెకి చదువు రాదు. "ఇది నా పేరేనా" అని పెయింటరన్నని అడిగింది, నన్ను కాదు. ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి వినిపించాడు. తర్వాత చాలా నెలలు మా అమ్మకి రోజు విడిచి రోజు మూర మల్లెపూలు. డబ్బులిస్తే తీసుకునేది కాదు. అమ్మ ఆ మూర చూసి, "ఇది మూరా? మూరన్నర ఉంది" అనేది.

ఆ తర్వాత మా మధ్య చాలా జరిగాయి. 1992 పుష్కరాలకి పన్నెండు రోజులూ నిలబడే ప్రయాణం చేశాం. గుమస్తా గారు చిన్న చిన్న పసుపు పొట్లాలు కట్టించి, స్నానాలకి వెళ్ళే ముత్తైదువులకి పంచుతూ వచ్చారు. మేష్టారి అమ్మాయి పెళ్ళిపత్రిక నేనే కంపోజ్ చేశాను, పెళ్ళిపందిరి ముందు బోర్డు పెయింటరన్న రాశాడు. పూలు ఎవరు కట్టారో చెప్పక్కర్లేదు.

1995లో మా ప్రెస్సులో కంప్యూటర్లొచ్చాయి. కేసులన్నీ గోడకి చేర్చారు. ఒక రోజు రిక్షాలు వచ్చి అక్షరాలని కిలోల లెక్కన తూచి తీసుకెళ్ళాయి. కరిగించడానికి. ఎవరి గడిలోకి వాళ్ళని తొమ్మిదేళ్ళు పంపిన చేతుల్తోనే అన్నీ కలిపి గోనెసంచిలో పోశాను. ఆ రోజు బండిలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడించలేదు. పెయింటరన్న దుగ్గిరాల దాకా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కొన్నేళ్ళకి లారీల మీదికి రేడియం స్టిక్కర్లు వచ్చి ఆయన పనీ సగమైంది.

నేను కంప్యూటర్లో పేజీలు కట్టే పేజ్‌మేకరూ, 'అను' అనే తెలుగు ఫాంట్లూ నేర్చుకుని, తెనాలిలోనే చిన్న డీటీపీ సెంటరు పెట్టుకున్నాను. బెజవాడ బండి మానేశాను. తినడానికి లోటు రాలేదు. కానీ కీబోర్డు మీద అక్షరానికి గాడి లేదు, బొటనవేలికి ఏమీ తగలదు. అది ఇప్పటికీ వెలితే.

గుమస్తా గారు, మేష్టారు పోయారు. అక్క మనవడు మొన్నామధ్య నా షాపుకి వచ్చాడు, ఏదో అప్లికేషన్ ప్రింటు కోసం. ఊరు, ఇంటిపేరు చూసి అడిగితే తెలిసింది. "మా నాయనమ్మ పేరుతో గులాబీరంగు కార్డొకటి దేవుడి పటాల్లో ఉంటదండీ, చుట్టూ డిజైను" అన్నాడు. కాసేపు కూర్చోమని టీ తెప్పించాను. ఏం పని చేస్తావు బాబూ అని అడిగాను. హైదరాబాదులో సెల్ టవర్ల పని. "అంటే చేతుల్తో ఏం చేస్తావు?" అన్నాను. ముందు తడబడ్డాడు. తర్వాత నడుముకి బెల్టు ఎలా కట్టుకుంటారో, ఎక్కేటప్పుడు ఒక కొక్కెం తీసేముందు రెండో కొక్కెం ఎందుకు తగిలించాలో, పైన గాలి ఎలా ఉంటుందో, రెండు టీలు చల్లారేదాకా చెప్పాడు.

వానాకాలం రాత్రిపూట ఎప్పుడైనా బండెక్కితే కిటికీ పూర్తిగా మూయను, మొహం తడిసినా సరే. కొలనుకొండ దాటాక బయటికి చూస్తూ ఉంటాను. ఒకోసారి పట్టాల పక్కన దీపం కనపడుతుంది. చెయ్యి ఊపుతాను.